ప్లేట్ రోలింగ్: మా షెడ్డుకు వచ్చే ఫోన్లలో తరచుగా అడిగే ప్రశ్నలు

మిర్యాలగూడలో మాకు చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్డు ఉంది. అందులో మూడు రోలర్ల ప్లేట్ రోలింగ్ మిషన్ ఒకటి. నిజం చెప్పాలంటే ఆ మిషన్ కంటే నా ఫోనే ఎక్కువ తిరుగుతుంది. రైస్ మిల్లు మేస్త్రీలు, ట్యాంకులు చేసేవాళ్లు, కొత్తగా వెల్డింగ్ షాపు పెట్టిన కుర్రాళ్లు, అందరూ తిప్పి తిప్పి అవే డౌట్లు అడుగుతారు. చాలాసార్లు ప్లేటు కోసేశాక అడుగుతారు, అదే బాధ. అందుకే ఒకచోట రాసి పెట్టాను. ఎవరికి ఏది కావాలో అక్కడి నుంచే చదువుకోవచ్చు.

## మిషన్ సంగతి

రోలింగ్ మిల్లు, ప్లేట్ రోలింగ్ మిషన్ రెండూ ఒకటేనా?

కాదు. రోలింగ్ మిల్లులో ఎర్రగా కాలిన ఇనుప దిమ్మెను రోలర్ల మధ్య నలిపి కడ్డీ, యాంగిల్, ప్లేటు తీస్తారు. అక్కడ మందం తగ్గుతుంది. ప్లేట్ రోలింగ్ మిషన్‌లో తయారై వచ్చిన ప్లేటును చల్లగా ఉండగానే గుండ్రంగా చుడతారు. మందం దాదాపు అంతే ఉంటుంది. మా వైపు దీన్ని బెండింగ్ మిషన్ అని కూడా అంటారు. ప్లేటును మూల పెట్టి మడిచే ప్రెస్సుకూ అదే పేరు వాడతారు కాబట్టి, ఫోన్‌లో "చుట్టాలా, మడవాలా?" అని నేను మొదటే అడిగేస్తాను.

మూడు రోలర్ల మధ్య ప్లేటు గుండ్రంగా ఎలా అవుతుంది?

వెదురు బద్దను మోకాలి మీద పెట్టి రెండు చేతులతో కిందికి నొక్కితే ఎలా వంగుతుంది? అదే సూత్రం, తలకిందులుగా. మోకాలు స్థానంలో పై రోలరు, చేతుల స్థానంలో కింది రెండు రోలర్లు. పై రోలరు దిగినకొద్దీ వంపు పెరుగుతుంది. రోలర్లు తిరుగుతూ ప్లేటును ముందుకు లాగుతాయి కాబట్టి ఆ వంపు ఒక్కచోటే ఆగిపోకుండా పొడవునా పాకుతుంది.

వంగేటప్పుడు ప్లేటు లోపలి ముఖం కుంచించుకుంటుంది, బయటి ముఖం సాగుతుంది. సరిగ్గా మధ్య పొర మాత్రం ఇంచుమించు అలాగే ఉంటుంది. 10 ఎంఎం ప్లేటును 2 మీటర్ల వ్యాసానికి చుడితే బయటి ముఖం అర శాతం సాగుతుంది, అంతే. అదే 20 ఎంఎం ప్లేటును 400 ఎంఎం లోపలి వ్యాసానికి చుడితే ఆ సాగడం 5 శాతం దాకా పోతుంది. ప్రెషర్ వెసెల్, అంటే లోపల ఒత్తిడి మోసే ట్యాంకు పనిలో ఈ 5 శాతం దగ్గర ఇన్‌స్పెక్టర్లు ఆగి హీట్ ట్రీట్‌మెంట్ (ప్లేటును మళ్లీ కాల్చి చల్లార్చడం) గురించి అడుగుతారు.

మూడు రోలర్లకు, నాలుగు రోలర్లకు తేడా ఏమిటి? ఎక్కువ ఉంటే మంచిదేనా?

మూడు రోలర్లలో అందరికీ తెలిసింది పిరమిడ్ రకం. పైన ఒకటి, కింద రెండు. ధర తక్కువ, రిపేరు తేలిక, కానీ ప్లేటు రెండు చివర్లా కొంత భాగం వంగకుండా మిగిలిపోతుంది. మూడు రోలర్లలోనే ప్లేటును రెండింటి మధ్య పట్టుకుని మూడోదానితో వంచే రకం ఉంది. అది చివరను కూడా వంచుతుంది, కానీ మామూలుగా ఒక చివర అయ్యాక ప్లేటును బయటకు తీసి తిప్పి పెట్టాలి. 2 టన్నుల ప్లేటును క్రేన్‌తో తిప్పి పెట్టడం అంటే అరగంట పని.

నాలుగు రోలర్లలో పైదీ కిందిదీ ప్లేటును గట్టిగా పట్టుకుంటాయి, పక్కన ఉన్న రెండూ లేచి వంచుతాయి. ప్లేటు తీయకుండానే రెండు చివరలూ అవుతాయి. ఒక మనిషితో నడుస్తుంది. రోజూ ఒకే రకం షెల్స్, అంటే ప్లేటు చుట్టి చేసిన గొట్టం ముక్కలు, పదుల్లో చేసేవాళ్లకు అది లాభం. నెలకు నాలుగు ట్యాంకులు చేసేవాళ్లకు ఆ డబ్బు తిరిగి రాదని నా లెక్క.

మిషన్ మీద 12 × 2500 అని ఉంది, అంటే 12 ఎంఎం మందం, 2500 ఎంఎం వెడల్పు. సగం వెడల్పు ప్లేటైతే 24 ఎంఎం చుట్టొచ్చు కదా?

రాదు. వంచడానికి కావలసిన బలం వెడల్పుతో పాటు పెరుగుతుంది, కానీ మందం విషయంలో వర్గంతో పెరుగుతుంది. మందం రెట్టింపైతే బలం నాలుగింతలు కావాలి. 1250 వెడల్పు ప్లేటుకు లెక్క ప్రకారం 17 ఎంఎం దాకా వస్తుంది. నేనైతే 16 దగ్గర ఆపేస్తాను. ఇరుకు ప్లేటు బరువంతా రోలరు మధ్యలో ఒక్కచోటే పడుతుంది.

ఆ బోర్డు మీది అంకె మామూలు మైల్డ్ స్టీలుకు, అంటే ఐఎస్ 2062 ఈ250 రకానికి రాసింది. అదే మందంలో ఇంకా గట్టిదైన ఈ350 రకం తెస్తే బలం దాదాపు ఒకటిన్నర రెట్లు కావాలి. సిమెంటు ఫ్యాక్టరీల వాళ్లు అరుగుదల తట్టుకునే గట్టి ప్లేట్లు తెస్తుంటారు. వాటి బలం మామూలు ప్లేటుకు నాలుగింతల దగ్గర ఉంటుంది. 12 ఎంఎం మిషన్ మీద 8 ఎంఎం కదా అని పెట్టేస్తే రోలరుకే వంపు వస్తుంది.

ఎంత చిన్న సైజు దాకా చుట్టొచ్చు?

పై రోలరు వ్యాసానికి ఒకటిన్నర రెట్లు అనుకోండి. రోలరు 280 ఎంఎం ఉంటే షెల్ 420 కంటే తక్కువకు ఆశపడకూడదు. నాలుగు రోలర్ల మంచి మిషన్లు ఇంకొంచెం దగ్గరకు తెస్తాయి. అంతకంటే చిన్నది కావాలంటే రెడీమేడ్ పైపు కొనుక్కోవడమే చవక.

## ప్లేటు కొనే ముందు, కోసే ముందు

2 మీటర్ల ట్యాంకుకు ప్లేటు పొడవు ఎంత తీసుకోవాలి?

ఈ ఒక్క ప్రశ్నకే నేను ఫోన్‌లో ఎన్ని గంటలు మాట్లాడానో. లోపలి వ్యాసానికి ప్లేటు మందం కలిపి, దాన్ని 3.1416తో గుణించండి. లోపలి వ్యాసం 2000, ప్లేటు 10 ఎంఎం అయితే 2010 × 3.1416, అంటే 6315 ఎంఎం. లోపలి వ్యాసం మీద లెక్క వేస్తే 6283 వస్తుంది, బయటి వ్యాసం మీద వేస్తే 6346. రెండూ తప్పే. మధ్య పొర ఒక్కటే సాగదు, కుంచించదు కాబట్టి దాని మీదే లెక్క.

ఇప్పుడు అసలు తిరకాసు చూడండి. బజారులో ఎక్కువగా దొరికే ప్లేటు పొడవు 6300. మీకు కావలసింది 6315. పదిహేను ఎంఎం తక్కువ! "గింతదానికేమైతది, వెల్డింగుల కలుస్తది తియ్యన్నా" అంటారు. అతుకు దగ్గర మూడు ఎంఎం సందు ఎలాగూ వదులుతాం, అది పోను ఇంకా పన్నెండు మిగిలింది. దాన్ని వెల్డింగ్‌తో నింపితే అతుకు కుంగిపోతుంది. ముక్క అతికితే ఒక అతుక్కు బదులు రెండు అతుకులు. డ్రాయింగ్ మీ చేతిలో ఉంటే వ్యాసం 2000 బదులు 1990 పెట్టుకోండి. అప్పుడు కావలసింది 6283. అంచులు సాపు చేయడానికి 17 ఎంఎం మిగులుతుంది. ట్యాంకులో పట్టే నీళ్లలో తేడా ఒక్క శాతం. రెండు మీటర్లే ఉండాలని ఏ దేవుడూ చెప్పలేదు.

బరువు ఎలా లెక్కేయాలి? క్రేన్ పిలవాలా వద్దా తెలియట్లేదు.

ఒక చదరపు మీటరు ప్లేటు ప్రతి ఎంఎం మందానికి 7.85 కిలోలు. 6.3 మీటర్ల పొడవు, 1.5 మీటర్ల వెడల్పు, 10 ఎంఎం మందం ప్లేటు 742 కిలోలు తూగుతుంది. చైన్ బ్లాక్ చాలు. 16 ఎంఎం దాటితే హైడ్రా క్రేన్‌కు చెప్పి పెట్టుకోండి.

గ్యాస్ కట్టింగ్ చేసి అలాగే తెస్తే ఏమవుతుంది?

అంచుకు అంటుకున్న కిట్టం రోలరు కింద పడి గుంత పెడుతుంది. ఆ గుంత ఆ తర్వాత చుట్టే ప్రతి ప్లేటు మీదా ముద్ర వేస్తుంది. పైగా గ్యాస్‌తో కోసిన అంచు గట్టిపడి ఉంటుంది, గరుకు గీతల దగ్గర చీలిక మొదలవ్వచ్చు. గ్రైండింగ్ చేసి, చేత్తో తడిమితే గుచ్చుకోకుండా తెండి. ప్లేటు మీద నల్లటి పెచ్చులు ఉంటే చీపురుతో ఊడ్చి మరీ పెట్టాలి.

మూలలు కొంచెం అటూ ఇటూ ఉన్నాయి, సర్దుకోదా?

సర్దుకోదు. మూల నుంచి మూలకు టేపు పెట్టి రెండు వైపులా కొలవండి, రెండూ సమానంగా రావాలి. తేడా ఉంటే చుట్టాక రెండు అంచులూ ఒకే ఎత్తులో కలవవు, ఒకటి పైకి ఒకటి కిందికి పోతుంది. ప్లేటు సరిగ్గా ఉన్నా మిషన్‌లోకి వంకరగా పెడితే అదే గతి. మేం కింది రోలరు మీద ఉన్న గాడికి అంచు ఆనించి, చాక్‌పీసుతో గీత గీసి, ఆ గీత రోలరుకు సమాంతరంగా ఉందో లేదో చూసుకుని స్విచ్ నొక్కుతాం.

ఫార్మా వాళ్ల ఎస్ఎస్ (స్టెయిన్‌లెస్ స్టీలు) ప్లేటు అదే మిషన్ మీద చుట్టొచ్చా?

చుట్టొచ్చు, కానీ రోలర్లు తుడిచి, ప్లేటుకు ప్లాస్టిక్ ఫిల్మో మందపాటి కాగితమో చుట్టి పెట్టాలి. మైల్డ్ స్టీలు పొడి ఎస్ఎస్ మీద నొక్కుకుంటే కొన్నాళ్లకు అక్కడ తుప్పు చుక్కలు లేస్తాయి. పోలేపల్లి, చౌటుప్పల్ వైపు వెళ్లే జాబ్‌ను ఆ చుక్కలు చూసే వెనక్కి పంపేస్తారు. ఇంకో సంగతి, ఎస్ఎస్‌లో 304 రకం వంచేకొద్దీ గట్టిపడుతుంది. పదిసార్లు అటూ ఇటూ తిప్పకుండా తక్కువసార్లలో ముగించాలి.

## మిషన్ మీద ఉన్నప్పుడు

చుట్టాక రెండు అంచులూ ఫ్లాట్‌గా ఎందుకు మిగులుతాయి?

ప్లేటు వంగాలంటే మూడు చోట్ల ఆనాలి. చివర కింది రోలరును దాటి జారిపోయిందంటే ఒక ఆనిక పోయినట్టే, ఇక అక్కడ వంచడానికి పట్టు లేదు. పిరమిడ్ మిషన్‌లో కింది రోలర్ల మధ్య దూరంలో దాదాపు సగం ఇలా మిగిలిపోతుంది. ఆ దూరం 400 అయితే ప్రతి చివరా 200 ఎంఎం దగ్గర. పట్టుకుని వంచే రకం మిషన్లలో ఇది ప్లేటు మందానికి ఒకటిన్నర, రెండింతలకు తగ్గుతుంది.

దారులు మూడున్నాయి. ముందే ప్రెస్సు మీద రెండు అంచులూ వంచి తేవడం మేలైనది. రెండోది, ముందే గుండ్రంగా చుట్టి ఉంచిన మందపాటి డమ్మీ ప్లేటును కింద వేసి దాని మీద అంచును నొక్కడం. మేం ఎక్కువగా చేసేది ఇదే. మూడోది, పొడవు ఎక్కువ తీసుకుని చుట్టాక ఫ్లాట్ ముక్క కోసేయడం. ప్లేటు దండగ, కానీ పని శుభ్రం.

నాలుగోది సమ్మెట. అది దారి కాదని నాకు తెలిసి వచ్చిన తీరు చెబుతాను. కొత్తల్లో ఒక రైస్ మిల్లుకు వడ్లు నానబెట్టే ట్యాంకు చేశాను, 8 ఎంఎం ప్లేటు. వానాకాలం వడ్లు దిగే రోజులు, ఆయన తొందర ఆయనది. అంచులు నొక్కకుండానే చుట్టి, అతుకు దగ్గర సమ్మెటతో కొట్టి కలిపేశాను. అతుకు మామిడికాయ ముక్కులా బయటకు పొడుచుకు వచ్చింది. నీళ్లు నింపి చూస్తే చుక్క కారలేదు, నేనూ సంబరపడ్డాను. కానీ నింపినప్పుడల్లా ట్యాంకు గుండ్రంగా సాగాలని చూస్తుంది, ఆ ముక్కు చదును కావాలని చూస్తుంది. ఖాళీ చేస్తే మళ్లీ యథాస్థితి. వేడినీళ్లతో రోజూ ఇదే. రెండో సీజన్‌లో అతుకు వెంట వెంట్రుకంత చీలిక వచ్చింది. "తమ్మీ, నీ ట్యాంకు ఏడుస్తున్నది" అని ఫోన్ చేశాడాయన. నా ఖర్చుతో అతుకు కోసి, అంచులు వంచి, మళ్లీ వేశాను. అప్పటి నుంచి అంచులు చూడకుండా ఏ ప్లేటూ మిషన్ ఎక్కించలేదు. షెల్ మంచిచెడ్డలు తేలేది ఆ నాలుగు వేళ్ల అంచు దగ్గరే.

ఒక్కసారికే దించి తిప్పేస్తే అయిపోదా? నాలుగైదు సార్లు ఎందుకు?

స్టీలు వంచి వదిలితే కొంచెం తిరిగి విచ్చుకుంటుంది. దీన్నే స్ప్రింగ్ బ్యాక్ అంటాం. ప్లేటు పల్చనైతే, వ్యాసం పెద్దదైతే, స్టీలు గట్టిదైతే ఎక్కువ విచ్చుకుంటుంది. ఎంతో ముందే తేల్చి చెప్పలేం, ఒకే మిల్లు ప్లేట్లలోనే తేడా ఉంటుంది. అందుకని పై రోలరు కొంచెం కొంచెం దించుతూ, ప్రతిసారీ ఆపి, టెంప్లేట్ (కావలసిన వంపుకు కోసిన రేకు) పెట్టి చూస్తాం. తక్కువ వంగితే ఇంకోసారి తిప్పితే సరి. ఎక్కువ వంగిపోతే విప్పడం పెద్ద తలనొప్పి. తొందరపడేవాళ్లు ఇక్కడే దొరికిపోతారు.

రెండు చివర్లా అతుకు కలిసింది, మధ్యలో మాత్రం సందు ఉంది. ఎందుకు?

మందం ప్లేటును వంచేటప్పుడు రోలరు కూడా కాస్త వంగుతుంది. రెండు చివర్లా బేరింగులు పట్టుకుని ఉంటాయి, మధ్యలో పట్టేవాడు లేడు. అక్కడ నొక్కుడు తగ్గి షెల్ పీపాలా ఉబ్బుతుంది. ఇది తెలిసే రోలరును నడుమ దగ్గర కొద్దిగా లావుగా చేస్తారు. ఆ లావు ఒక మందానికే సరిపోతుంది. అదే మిషన్ మీద బాగా పల్చటి ప్లేటు చుడితే తిరగబడి మధ్యలో బిగిసి, చివర్లు డమరుకంలా విచ్చుకుంటాయి. ఉబ్బు వస్తే మధ్యలో పల్చటి రేకు ముక్కలు వేసి ఇంకోసారి తిప్పుతాం. పుస్తకంలో చెప్పే పద్ధతి కాకపోయినా పని జరుగుతుంది.

మిల్లు ట్యాంకు కింద ఉండే కోన్ చుట్టొచ్చా?

చుట్టొచ్చు. కోన్ విప్పితే విసనకర్ర ఆకారం వస్తుంది. పైన 2000, కింద 300, ఎత్తు 1000 ఉన్న కోన్‌కు ఆ విసనకర్ర బయటి వ్యాసార్ధం 1544, లోపలిది 232, తెరుచుకునే కోణం 233 డిగ్రీలు. అంత పెద్ద ముక్క ఒక ప్లేటులో రాదు కాబట్టి మూడు నాలుగు రేకులుగా కోస్తాం.

చుట్టేటప్పుడు చిన్న అంచు నెమ్మదిగా, పెద్ద అంచు వేగంగా కదలాలి. అందుకే రోలరును ఒక వైపు ఎక్కువ దించి, చిన్న అంచును ఒక ఆనికకు తగిలించి జారకుండా ఆపుతాం. చెవులు చిల్లులు పడేంత కీచుమంటుంది, అది మామూలే. 300 ఎంఎం చివర మాత్రం రోలరుకు అందదు. అక్కడ ప్రెస్సు మీద గీతల వెంట కొంచెం కొంచెం నొక్కుతాం.

పూర్తిగా చుట్టుకున్నాక షెల్ రోలరులోనే ఉండిపోతుంది కదా, ఎలా తీస్తారు?

పై రోలరు ఒక చివరి బేరింగు కిందికి పడిపోయేలా తెరుచుకుంటుంది. రెండో చివర రోలరును ఎత్తి పట్టుకుంటుంది. షెల్‌ను గాజు తీసినట్టు పక్కకు లాగేయడమే.

పని చేసేవాళ్లకు ప్రమాదం ఎక్కడుంది?

ప్లేటు రోలర్ల మధ్యకు దూరే చోట. నెమ్మదిగానే తిరుగుతుంది కాబట్టి భయం పోతుంది, అదే కొంప ముంచేది. వెల్డింగ్ గ్లౌజు, మెడలో తువ్వాలు, జారిన లుంగీ అంచు, ఏది చిక్కినా చెయ్యి వెంట పోతుంది. మా హెల్పర్ గ్లౌజు వేలు ఒకసారి చిక్కింది. వదులు గ్లౌజు కాబట్టి ఊడిపోయి బతికిపోయాడు. వాడు ఒక పది నిమిషాలు ఏమీ మాట్లాడలేదు, నేనూ అంతే. ఆ రోజే మిషన్ చుట్టూ తాడు స్విచ్ కట్టించాను. ఎటు నుంచి లాగినా ఆగిపోతుంది. టెంప్లేట్ పెట్టాలంటే మిషన్ ఆపాకే. పెద్ద షెల్ సగం చుట్టుకుని పైకి లేచాక తన బరువుకే మడత పడి మీద పడొచ్చు, దాన్ని క్రేన్‌తో పట్టుకోవాలి. ప్లేటు మీద ఎక్కి నిలబడి బరువు వేయడం పాత అలవాటు. మా దగ్గర అది బంద్.

## చుట్టాక

గుండ్రంలో ఎంత తేడా వస్తే ఒప్పుకుంటారు?

పనిని బట్టి. ఏఎస్ఎంఈ కోడ్ (అమెరికా ఇంజినీర్ల సంఘం నిబంధనలు) ప్రకారం చేసే ప్రెషర్ వెసెల్‌లో అత్యధిక, అత్యల్ప వ్యాసాల తేడా 1 శాతం దాటకూడదు. 2000కు 20 ఎంఎం. ఆయిల్ ట్యాంకులకు వాడే ఏపీఐ 650 అనే ప్రమాణంలో అతుకు దగ్గర 900 ఎంఎం టెంప్లేట్ పెట్టి చూస్తారు, 13 ఎంఎం మించి ముక్కు ఉండకూడదు. ఊళ్లో పొగగొట్టానికి ఇంత పట్టింపు ఎవరూ పెట్టరు. అతుకు వెల్డింగ్ అయ్యాక షెల్‌ను మళ్లీ మిషన్ ఎక్కించి రెండు చుట్లు తిప్పితే చాలా తేడాలు సర్దుకుంటాయి. అయితే వెల్డింగ్ గట్టును గ్రైండింగ్‌తో ప్లేటు మట్టానికి తెచ్చాకే.

మిల్లు బాయిలర్ షెల్ కూడా చుట్టిస్తారా?

ఆవిరి ఒత్తిడి తగిలే భాగమైతే ఐబీఆర్ (ఇండియన్ బాయిలర్ రెగ్యులేషన్స్) నిబంధనలు ఉన్నాయి. ప్లేటుకు సర్టిఫికెట్ కావాలి, డ్రాయింగ్‌కు అనుమతి ఉండాలి, చేసేవాళ్లకు గుర్తింపు ఉండాలి. అవేవీ లేకుండా "చుట్టి ఇయ్యి, మేం చూసుకుంటం" అంటే మేం ఒప్పుకోం. ఊక పోసే హాపరు, పొగగొట్టం, గాలిలోంచి దుమ్ము వేరుచేసే సైక్లోన్ లాంటివి ఎన్నైనా చేస్తాం.

3 మీటర్ల షెల్ లారీలో వస్తుందా?

మామూలు లోడుకు వెడల్పు 2.6 మీటర్ల లోపే. దాటితే ప్రత్యేక అనుమతి, ప్రత్యేక ట్రెయిలర్. సగం సగం చుట్టి, దొన్నెల్లా ఒకదాంట్లో ఒకటి పెట్టి పంపుతాం, సైట్‌లో అతుకుతారు. మిల్లు గేటు ఎత్తు కూడా ఒకసారి కొలిచి చెప్పండి. గోడ పగలగొట్టి ట్యాంకు లోపలికి తీసుకెళ్లిన వాళ్లున్నారు.

## ఎక్కడ వాడతారు, కొనాలంటే

మన దగ్గర ఇంత రోలింగ్ పని ఎక్కడి నుంచి వస్తుంది?

మిర్యాలగూడ చుట్టూ అయితే ముందు రైస్ మిల్లులే. నానబెట్టే ట్యాంకులు, ఉడికించే డబ్బాలు, డ్రయ్యర్లు, సైక్లోన్లు, పొగగొట్టాలు. వాడపల్లి నుంచి మఠంపల్లి, మేళ్లచెరువు దాకా సున్నపురాయి ఉన్న చోటల్లా సిమెంటు ఫ్యాక్టరీలే. వాటి గుండెకాయ అయిన కిల్న్ (తిరిగే కొలిమి) అనేది చుట్టిన ప్లేటు షెల్సే, ఒకదానికొకటి అతికి పొడుగ్గా తిరిగేవి. మందం 25 ఎంఎం నుంచి మొదలై, కిల్న్‌ను మోసే ఉక్కు టైర్ల కింద ఇంకా పెరుగుతుంది. లోపల సరుకు 1450 డిగ్రీల దాకా కాలుతుంది. అలాంటివి మా షెడ్డు స్థాయి కాదు, పై రోలరు అటూ ఇటూ జరిగే భారీ మిషన్ల మీద చేస్తారు.

కృష్ణ వెంట పోతే నీళ్ల పని. నాగార్జునసాగర్ పవర్ హౌస్‌లో ఎనిమిది యూనిట్లు, కల్వకుర్తి ఎత్తిపోతలలో ఎల్లూరు దగ్గర 30 మెగావాట్ల పంపులు, పాలమూరు–రంగారెడ్డిలో నార్లాపూర్ దగ్గర 145 మెగావాట్ల పంపులు. ఇలాంటి చోట్ల నీటిని మోసే పెద్ద ఉక్కు గొట్టాలు ప్లేటు చుట్టి చేసేవే. దామరచర్ల దగ్గర 800 మెగావాట్ల యూనిట్లు ఐదున్న యాదాద్రి థర్మల్ లాంటి కేంద్రానికి ట్యాంకులు, హాపర్లు, గొట్టాలు లెక్కలేనన్ని కావాలి.

ఒక్క మాట. రోడ్డు పక్కన కనిపించే ప్రతి నీటి పైపూ ఇలా చుట్టింది కాదు. అతుకు స్క్రూ మరలా పైపు చుట్టూ తిరిగి ఉంటే అది చుట్టగా వచ్చే రేకుతో వేరే మిషన్ మీద తీసింది. అతుకు పొడవునా నేరుగా ఉండి, మీటరున్నరకో రెండు మీటర్లకో అడ్డంగా ఇంకో అతుకు కనిపిస్తే, అది మా జాతి మిషన్ మీద పుట్టింది.

సెకండ్ హ్యాండ్ మిషన్ చూస్తున్నాను, ఏం చూసుకోవాలి?

పెయింటు కొత్తగా వేసి ఉంటే అనుమానించండి. పై రోలరు మీద పొడుగు స్కేలు పెట్టి వెనక టార్చి వేయండి. మధ్యలో కొంచెం లావు ఉండాలి, పల్లం కనిపిస్తే మోయలేని ప్లేటు మోయించారన్నమాట. గుంతలు తడమండి. రోలరును సగం ఎత్తి చివర గడ్డపారతో లేపి చూడండి, రోలరు చివర్లు తిరిగే బుష్‌లు అరిగితే టకటకా ఆడుతుంది. గేర్ బాక్సు శబ్దం ఖాళీగా తిరిగేటప్పుడు కాదు, లోడు మీద వినాలి. కాబట్టి బోర్డు మీద రాసిన పూర్తి మందం ప్లేటు ఒకటి మీరే వెంట తీసుకెళ్లి చుట్టించండి. అమ్మేవాడు "ఇప్పుడు కరెంటు లేదు" అంటే కరెంటు వచ్చేదాకా అక్కడే చాయ్ తాగుతూ కూర్చోండి.